తాడు పని నాది

“మా జిస్లేన్ వేలు ఈ కాలువలో ఏ చేప కడుపులో ఉందో!” అన్నాడు మా ఆయన రెజిస్, స్నేహితుడు బెర్త్రాన్ గ్లాసులో వైన్ పోస్తూ. నేను పడవ కింది వంటగదిలో సలాడ్ ఆకులు కడుగుతున్నాను. అక్కడి కిటికీలోంచి పైన కూర్చున్నవాళ్ళ కాళ్ళే కనిపిస్తాయి. బెర్త్రాన్ కాళ్ళు నవ్వుకి ఊగాయి. అతని భార్య ఆర్మెల్ కాళ్ళు కదల్లేదు. “చేతికి తొడుగులు వేసుకోవే అని వందసార్లు చెప్పాను. వింటేనా!” అన్నాడు రెజిస్. ముల్లంగి దుంపలు, వెన్న, సాసేజీ ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని పైకెళ్ళాను. పళ్ళెం పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. కాబట్టి నా ఎడమచేతి మొండి వేలు అందరి ముక్కుల ముందుగా బల్ల మీదికి చేరింది.

ప్రతి ఆగస్టులోనూ ఎవరో ఒకరు స్నేహితులొస్తారు, సోన్ నది దాకా కాలువ ప్రయాణానికి. వాళ్ళకది సెలవు. రెజిస్‌కి చుక్కాని. నాకు రెండు పూటలా వంట, పడకలు సర్దడం, మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చెయ్యడం, ఆపైన రోజుకి పది పదిహేను లాకుల్లో తాడు పని. ఇరవై రెండేళ్ళుగా ఇదే. పడవకి వాళ్ళమ్మ పేరు పెట్టుకున్నాడు, ఇవెట్ అని. ఆవిడ బతికున్నప్పుడు ఈ బల్ల దగ్గరే కూర్చుని, “పడవలో చెప్పేది ఒక్కడే ఉండాలమ్మా, మిగతావాళ్ళు వినాలి” అనేది. నేను వింటూనే ఉన్నాను.

వేలు సంగతి రెజిస్ చెప్పినట్టు జరగలేదు. రెండేళ్ళ క్రితం ఓ పొద్దున, వచ్చే వేసవికి నేను రాను, మా అక్క దగ్గరికి వెళ్తాను అని చెప్పాను. “చూద్దాంలే” అన్నాడు. గంట తర్వాత ఒడ్డు మీద గుంజకి మోకు చుడుతుంటే మధ్యవేలు మెలికలో పడింది. “ఆగు!” అని అరిచాను. ఆరడుగుల దూరంలో ఉన్నాడు. నా మొహం చూశాడు. నా చెయ్యి చూశాడు. చూసి, గేరు వెనక్కి లాగాడు. మోకు బిగుసుకుంది. ఆ ఎముక చప్పుడు ఎవరు ముల్లంగి కొరికినా ఇప్పటికీ వినిపిస్తుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎలా జరిగిందని నన్నడిగితే అతనే జవాబు చెప్పాడు. “ప్రమాదమండీ. మనిషి కాస్త పరధ్యానం.” నేను తలూపాను. వేలు పోయినందుకు ఏడ్చినదానికన్నా, తలూపినందుకు ఎక్కువ ఏడ్చాను. నేను పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిని. నోటి దగ్గరికొచ్చే మొండి వేలు చూసి రోగులు జడుసుకుంటున్నారని ఆయన నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడా అందరికీ ప్రమాదమనే చెప్పుకున్నాను. ఈ రెండేళ్ళలో రెజిస్‌ని ఎన్నిసార్లు చంపానో లెక్కలేదు. ఉల్లిపాయలు తరుగుతూ గొంతు కోశాను, దుప్పటి దులుపుతూ దానితోనే నోరు నొక్కాను. ఆ వెంటనే కాఫీ కలిపి ఇచ్చాను, రెండు చెంచాల పంచదారతో.

భోజనాలయ్యాక మొదటి లాకులోనే పడవ ముక్కు గోడకి రాసుకుంది. అరచేయంత రంగు లేచిపోయింది. మలుపులో వేగం తగ్గించనిది అతను. అయినా కొక్కెం కర్ర గాల్లో తిరుగుతూ వచ్చి నా భుజానికి తగిలింది. “గుడ్డిదానా! ఇరవై రెండేళ్ళయినా ఒక తాడు పట్టుకోవడం రాదు!” అని అరిచాడు. బెర్త్రాన్ గ్లాసులోకి చూసుకున్నాడు. కర్ర నీళ్ళలో పడింది. తియ్యమన్నాడు. వంగి తీశాను. భుజం మీద రక్తం చొక్కాకి అంటుకుంటోంది. ఆర్మెల్ రుమాలు తడిపి తెచ్చి, “ఎప్పుడూ ఇంతేనా?” అంది మెల్లగా. “స్నేహితులున్నప్పుడు తక్కువ” అన్నాను.

తర్వాతి లాకు లోతైనది, అయిదు మీటర్లు దిగాలి. నేను ఒడ్డు మీదికి అడుగుపెట్టి ముందు మోకు గుంజ చుట్టూ తిప్పాను. ఆర్మెల్ కూడా నా వెంట దిగింది. మోకు కొస చేత్తో పట్టుకుందామనుకునేలోపు రెజిస్ పడవ ముందుభాగానికొచ్చి లాక్కున్నాడు.

“ఏరా బెర్త్రాన్, మగవాడు తాడు కడితే ఎట్లా ఉంటుందో చూడు” అంటూ పడవ అంచున ఉన్న ఇనప కొమ్ముకి ఎనిమిది చుట్లు చుట్టి, పైన రెండు ముళ్ళు బిగించాడు. చేతులు దులుపుకుని గ్లాసందుకున్నాడు. “ఏమే, నీలం కర్ర ఎత్తు. అదన్నా వచ్చా?” ఒడ్డు మీదున్న ఆ కర్ర ఎత్తితే లాకు తనంతట తనే తలుపులు మూసుకుని నీళ్ళు దింపుతుంది.

దిగే లాకులో తాడు ఎవరూ కట్టరు. నీళ్ళు దిగుతుంటే పడవ దిగుతుంది. దానితో పాటు అంగుళం అంగుళం వదులుతూ పోవాలి. కడితే పడవ గోడకి వేలాడుతుంది. ఈ కాలువలో వారం రోజులకి పడవ అద్దెకి తీసుకున్నవాళ్ళక్కూడా మొదటిరోజే చెప్తారు. రెజిస్‌కి తెలియదు. చుక్కాని దగ్గర నిలబడి అరిచినవాడికి, ఇన్నేళ్ళూ తాడు నా చేతుల్లోంచి వదులవుతూ ఉండటం వల్లే తన పడవ తిన్నగా దిగుతోందని తెలిసే అవసరం రాలేదు.

నాకు తెలుసు. ముళ్ళు చూశాను. నోరు తెరిచి, మూశాను. నీలం కర్ర ఎత్తాను.

తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు దిగడం మొదలైంది. మోకు మొదట సన్నగా కీచుమంది. తర్వాత బిర్రబిగిసి, నీటిబొట్లు చిమ్మింది. పడవ ముందుభాగం పైన ఉండిపోయి, వెనక భాగం దిగిపోతోంది. సీసా, గ్లాసులు, నేను కడిగిన సలాడ్ ఆకులతో సహా బల్ల జారిపోయి రెయిలింగుకి గుద్దుకుంది. బెర్త్రాన్ వెల్లకిలా పడ్డాడు. గాజుముక్కల మీద చేతులు ఆనించి లేవబోయి మళ్ళీ పడ్డాడు. రెజిస్ పాకుతూ ముందుకొచ్చి ముళ్ళు విప్పబోయాడు. పడవ ఒక్క జానెడు జర్రున జారింది. అతని కుడిచేతి వేళ్ళు మోకుకీ ఇనప కొమ్ముకీ మధ్య ఇరుక్కున్నాయి.

అతని గొంతులోంచి వచ్చిన అరుపు మనిషిదిలా లేదు. నాకు సంతోషమేసింది. దాచుకోను, ఒళ్ళంతా చల్లబడేంత సంతోషం. లాకు ఆపే ఎర్ర కర్ర నా మోచేతికి తగులుతోంది. నడుముకి చాకు ఉంది. “కొయ్యవే! జిస్లేన్, కొయ్యి!” అంటున్నాడు. అతను నా మొహం చూస్తున్నాడు. నేను అతని చెయ్యి చూశాను. ఆరడుగుల దూరమే. రెండేళ్ళ క్రితం అతను నిలబడ్డ చోటు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అక్కణ్ణుంచి అన్నీ చాలా స్పష్టంగా కనిపిస్తాయి. పొరపాటు పడటానికి వీలే లేదు.

“జిస్లేన్!” అని ఆర్మెల్ నన్ను కుదిపింది.

ఎర్ర కర్ర లాగాను. నీళ్ళు ఆగాయి. చాకు తీసి గుంజ దగ్గర మోకు కోశాను. మూడో కోతకి అది తెగి, కొస నా దవడ మీద చెళ్ళుమంది. నోట్లో ఉప్పగా రక్తం. పడవ దభీమని పడి, ఆ గోడకీ ఈ గోడకీ కొట్టుకుని నిలబడింది. రెజిస్ నలిగిన చెయ్యి కడుపుకి అదుముకుని, పైకి చూస్తూ అరిచాడు. “దీని పనే! కట్టింది ఇదే! చూశావుగా బెర్త్రాన్, ఎంత చెప్పినా పరధ్యానం!” బెర్త్రాన్ నుదురు తుడుచుకుంటూ తలూపాడు. ఎంత తేలిగ్గా ఊపాడో! నేనూ అంత తేలిగ్గానే ఊపి ఉంటాను.

“కట్టింది నువ్వు, రెజిస్. నేను చూశాను” అంది ఆర్మెల్. మొగుడి వైపు చూడనే లేదు.

ఎర్ర కర్ర లాగితే లాకు పనివాళ్ళు వచ్చేదాకా ఏదీ కదలదు. గోడకున్న ఇనప మెట్లు నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి. దిగి, కట్టు కట్టి, కాఫీ పెట్టి, గాజుముక్కలు ఏరాల్సింది నేనే. అవతల స్తంభానికున్న మాట్లాడే పెట్టె గరగరమంది. అటు నడిచాను.

“ఎవరక్కడ? లాకు ఎందుకు ఆపారు? ప్రమాదమా అమ్మా?” అంది అందులో ఒక ఆడగొంతు.

“అంబులెన్సు పంపండి, మా ఆయన చెయ్యి నలిగింది. తాడు ఆయనే కట్టుకున్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను, అదీ రాసుకోండి” అన్నాను. కింద అతను నా పేరు పెట్టి బూతులు తిడుతున్నాడు. “పోలీసుల్ని కూడా పంపండి. రెండేళ్ళ క్రితం ఈ కాలువలోనే నా వేలు తెగిపోయింది. అది ప్రమాదమని ఆసుపత్రిలో రాయించాం. ప్రమాదం కాదు. ఆగమని అరిచాను, విన్నాడు.”