డ్రాయింగులో లేని అత్తగారు

అనుమతి కాగితం మా ఆయన కంటే ముందు నా చేతికి వచ్చింది. ఆఫీసు ప్రింటరు ఎప్పటిలాగే కాసేపు మూలిగి, వెచ్చని పేజీలు రెండు బయటికి తోసింది. అణుశక్తితో నడిచి రిటైరైన యుద్ధనౌక ఒకటి పదకొండేళ్ళుగా మా యార్డు ఐదో డాకులో తుప్పు పడుతోంది. ఇక దాని రియాక్టర్ గదిని కోసి విడదీయవచ్చు. ఇంధనం ఎప్పుడో తీసేశారు. మిగిలిన ఆ ఒక్క గదినీ ఎలా ముట్టుకోవాలో తేల్చడానికే ఇన్నేళ్ళు పట్టింది.

కాగితం పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాను. మా ఆయన గ్యాస్ కట్టర్. ముఖానికున్న అద్దం పైకెత్తి రెండుసార్లు చదువుకున్నాడు.

"మొదటి కోత నాదేనా?"

"నీ పేరే రాశారు, సరిగా చూడు."

"నా పేరు ఇంత అందంగా టైపు చేయడం ఇదే మొదటిసారి," అన్నాడు.

మా పెళ్ళయి పందొమ్మిది రోజులు. యార్డులో నువ్వంటాను, ఇంట్లో మీరంటాను, మధ్యలో బండి మీద ఏమనాలో తోచక వీపు మీద వేలితో పొడుస్తాను. ఆ కాగితం అడుగున రెండు గళ్ళున్నాయి. ఒకటి కోసేవాడిది. రేడియేషన్ తనిఖీ నాది కాబట్టి రెండోది నాది. పెళ్ళి రిజిస్టరు తరువాత మా సంతకాలు పక్కపక్కన పడేది అక్కడే. ఇలాంటిది ఒకటి దొరికితే చాలు, నా కాళ్ళు నేల మీద ఆనవు.

అయితే నా గడి పైన ఒక వాక్యం ఉంది. పైపుల్లో నీళ్ళు పూర్తిగా తీసేశారని నేను ధ్రువీకరించాలి.

అవి మామూలు నీళ్ళు కావు, రియాక్టర్ చుట్టూ తిరిగినవి. ఏ పైపులోనైనా అవి మిగిలి ఉండగా మంట తగిలితే, ఆవిరితో పగిలి కోసేవాడి ముఖానికే కొడతాయి. తీసిన నీటిని నేనే కొలిచాను. చివరిసారి నింపిన లెక్క కన్నా నలభై లీటర్లు తక్కువ వచ్చింది. ఇన్నాళ్ళూ అనుమతి రాలేదు కదా, చూద్దాంలే అనుకుంటూ వచ్చాను.

"ఆవిరైపోయుంటాయి లేమ్మా," అన్నారు సూపర్‌వైజర్ గారు.

"మూత బిగించిన పైపులోంచి ఆవిరి ఎక్కడికి పోతుందండీ?"

"నలభై లీటర్లంటే ఎంత, రెండు బకెట్లు."

"ఆ రెండు బకెట్లూ ఎవరి మీద పడతాయన్నదే నా బాధ."

ఆయన నన్నూ మా ఆయన్నీ మార్చి మార్చి చూసి మెడ గోక్కున్నారు. "పెద్ద క్రేను మనకి పది రోజులే ఇచ్చారు. అది పోతే మళ్ళీ ఏడాదికి గానీ దొరకదు. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చు తల్లీ."

మధ్యాహ్నమంతా డ్రాయింగులు పరుచుకుని కూర్చున్నాను. అందులో ఉన్న ప్రతి పైపూ ఖాళీ అయిందే. ఆ గదిలో ఎక్కడ చూసినా రేడియేషన్ ఆపడానికి కప్పిన సీసం రేకులే. వాటి వెనక ఏముందో మీటరు చెప్పదు, అన్నీ ఊడదీయాలంటే నెల కావాలి. చివరికి పాత ఫిట్టర్ల పనిపుస్తకం తిరగేశాను. ఒక పేజీలో ఇలా ఉంది: 'అత్తగారిని నింపి మూత బిగించాం.'

మా ఆయన నా భుజం మీదుగా చదివాడు. "ఎవడో గాని కసి తీర్చుకున్నాడు. నువ్వు మాత్రం ఇలాంటివి నేర్చుకోకు."

"రేపటిలోగా లెక్క తేలకపోతే నేను సంతకం పెట్టను," అన్నాను.

"నువ్వు పెట్టకపోతే నేను మంట వెలిగించను. అంతే కదా, దానికి ఏడుపు ముఖం దేనికి?"

లెక్క తేలలేదు. ఇంటికి వచ్చాం. భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకపోతే నాకు తోచదు, అందుకని ఆ అత్తగారి వాక్యం చెప్పాను. మా అత్తగారు పగలబడి నవ్వారు. మామగారు నవ్వలేదు. ఆయన ఆ యార్డులోనే పైప్ ఫిట్టరుగా రిటైరయ్యారు. ఓడల గురించి ఎప్పుడడిగినా "డెబ్బై చూశాను, అన్నీ ఇనుమే" అనేస్తారు. ఇప్పుడు మాత్రం కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"ఆ పుస్తకం ఏ ఓడదమ్మా?"

"ఐదో డాకులో ఉన్నదాందే, మామయ్యగారూ."

"అయితే అది మనిషి కాదు. పైపు."

రిపేరుకి వచ్చినప్పుడు ఒక పంపు పాడైతే, దాన్ని తప్పించి పక్కనుంచి అదనపు పైపు వేశారట. పైన చోటు లేక కిందికి వేలాడదీశారు. "తల వంచకుండా ఎవడూ దాటలేకపోయేవాడు. అందుకే ఆ పేరు. పంపు బాగయ్యాక, నీళ్ళు లోపల ఉండగానే దాని రెండు చివర్లూ మూసేసి సీసం కప్పారు. అందరికీ తెలిసిన పైపే కదా, డ్రాయింగు ఎందుకనుకున్నాం."

"పేరు పెట్టిందెవరు?" అన్నారు మా అత్తగారు.

"అందరం కలిసే."

"మన పెళ్ళయిన ఏడాది కదూ ఆ రిపేరు?"

"ఆ చుట్టుపక్కలే."

"అంటే మా అమ్మ."

మామగారు మంచినీళ్ళు తాగి, గ్లాసు నెమ్మదిగా పెట్టి, "చాలా గట్టి పైపు. ఇన్నేళ్ళయినా ఒక్క చుక్క కారలేదు," అన్నారు. మా ఆయనకి పొలమారింది.

నాకు నవ్వడానికి తీరిక లేదు. ఎంత పొడవు, ఎంత లావు అని అడిగాను. అరచెయ్యంత లావు, ఈ గోడ నుంచి వంటింటి గుమ్మం దాకా అన్నారు. టేపు తెచ్చి ఆయన అరచెయ్యీ కొలిచాను, గదీ కొలిచాను. అనుమతి కాగితం వెనకే లెక్క వేస్తే నలభైకి రెండు గ్లాసులు తక్కువ వచ్చింది. మామగారిని కావలించుకోవచ్చో లేదో తెలియక ఆ టేపునే గుండెలకి హత్తుకున్నాను.

మా ఆయన సూపర్‌వైజర్ గారికి ఫోన్ చేస్తున్నాడు. మా అత్తగారు కొంగు బిగించారు. "నేనూ వస్తాను. దాన్ని బయటికి తీశాక ఒకసారి చూడాలి."

"దగ్గరికి రానివ్వరమ్మా. సీసం పెట్టెలో పెట్టి తాళం వేస్తారు," అన్నాడు మా ఆయన ఫోను పక్కకి తీసి.

"మా అమ్మని తాళం వేసి ఆపగలిగినవాడు పుట్టలేదు. నేను గేటు దగ్గర కూర్చుంటాను."

మామగారు చెయ్యి కడుక్కుని వచ్చి, ఎప్పుడూ లేనంత హుషారుగా చెప్పారు. "రేపు ఏడింటికల్లా బయల్దేరదాం. నేను బయటే కూర్చుని కెమెరాలో చూస్తూ చోటు చూపిస్తాను. అక్కడి రేకులు మాత్రం తీయించి, మంట పెట్టకుండా డ్రిల్లుతో కింద చిల్లు వేయించండి. మధ్యాహ్నానికి అమ్మాయి నీళ్ళు కొలుస్తుంది. నలభై వస్తే, సాయంత్రానికి వీడు కోస్తాడు."