కూర్మనాథం జలుబు

కూర్మనాథానికి పన్నెండు నెలలూ జలుబే. కనీసం ఆయన ఆట చూసిన ఊళ్ళన్నీ అలాగే అనుకుంటాయి. మైకు పట్టుకుని జనం మధ్య తిరుగుతూ రెండు మాటలకి ఒకసారి ముక్కు ఎగబీలుస్తాడు. ఆట అయ్యాక ఎవరో ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి, "సొంటీ మిరియాలూ మరగబెట్టి తాగు బాబూ, ఆ రొంప ఒగ్గీస్తాది" అని చెప్పకుండా ఉండదు. "అలగేనమ్మా" అని ఆయన దండం పెడతాడు. పక్కన ఉన్న కూతురు హైమవతి తల దించుకుని, కళ్ళకి కట్టుకున్న గుడ్డని నాలుగు మడతలు పెడుతూ నవ్వు ఆపుకుంటుంది.

ఆ ముక్కులో జలుబు లేదని తెలిసినవాళ్ళు ముగ్గురే. కూర్మనాథం, హైమవతి, ఇంట్లో వాళ్ళమ్మ అలివేలుమంగ.

ఆట చూడ్డానికి చాలా గొప్పగా ఉంటుంది. హైమవతి కళ్ళకి నల్లగుడ్డ కట్టుకుని స్టేజీ మీద కుర్చీలో కూర్చుంటుంది. కూర్మనాథం జనంలోకి వెళ్ళి ఎవరి దగ్గరైనా ఒక వస్తువు తీసుకుని, "సూడు తల్లీ, ఏటిది?" అంటాడు. ఆ పిల్ల "దువ్వెన" అంటుంది. అది దువ్వెనే అవుతుంది. లోపలి సంగతి మాత్రం చాలా చిన్నది. జనం జేబుల్లో మామూలుగా ఉండే ఇరవై వస్తువులకి వాళ్ళు ఇరవై అంకెలు పెట్టుకున్నారు. తండ్రి ఒకసారి ముక్కు ఎగబీలిస్తే లెక్క మొదలు. రెండోసారి ఎగబీలిస్తే లెక్క ఆఖరు. మధ్యలో ఇద్దరూ మనసులో ఒకే వేగంతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. ఏడు దగ్గర ఆగితే దువ్వెన, పన్నెండైతే తాళంచెవి.

ఒకే వేగం రావడానికే ఏళ్ళు పట్టింది. హైమవతికి ఎనిమిదేళ్ళప్పుడు ఇంటి ముందు బోరింగు దగ్గర మొదలుపెట్టారు. తండ్రి బోరింగు కొడుతుంటే ఆ దెబ్బలకి ఇద్దరూ పైకి లెక్కపెట్టేవారు. తర్వాత కొట్టడం ఆపేసి, కళ్ళు మూసుకుని, లోపల లెక్కపెట్టి, ఇద్దరూ ఒక్కసారే "పదిహేను" అనాలి. మొదట్లో పిల్ల పదిహేను అనేసరికి తండ్రి పదకొండులో ఉండేవాడు. "బిందెలు నిండవు గానీ లెక్కలు నిండుతన్నాయి" అని అలివేలుమంగ వేళాకోళం చేసేది.

ఇప్పుడు హైమవతి పదో తరగతి. బడిలో లేచి జవాబు చెప్పాలంటే ఆ పిల్ల మాట పక్క బెంచీకి కూడా వినిపించదు. స్టేజీ మీద ఆ బాధ లేదు. కళ్ళకి గుడ్డ ఉంటుంది, చెప్పాల్సింది ఒక్క మాటే ఉంటుంది.

జనవరిలో ఒక ఊరి పండగలో ఎవరో ఈ ఆటని ఫోన్లో తీశారు. హైమవతి చెవి పక్కన తళుక్కుమన్న జడపిన్ను చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ‘చెవిలో బ్లూటూత్, మోసపోకండి’ అని రాసి వాట్సాప్‌లో వదిలారు. పదిరోజుల్లో అది రాజాం దాటి విజయనగరం వరకూ పోయింది. రెండు హైస్కూళ్ళూ ఒక కాలేజీ ఆట వద్దని కబురు పెట్టాయి.

పక్క పొలం సోములు గట్టు మీద నిలబడి అడిగేశాడు. "ఒరే కూర్మా, నిజం సెప్పు. ఆ మిషను ఏ కొట్లో కొన్నావు?"

"ఏ మిషనురా? నాకు ఫోన్లో అలారం ఎట్టడమే రాదు."

"మరి నీ కూతురు గుంటకెలగ తెలుస్తన్నాది?"

"అది సెప్తే నువ్వే ఆట ఆడీస్తావు గదా."

సోములు నవ్వుకుంటూ పోయాడు. కూర్మనాథం మాత్రం ఆ రోజు అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. ఇరవై రెండేళ్ళుగా దమ్ములూ కోతలూ అయిపోగానే గారడీ పెట్టె నెత్తిన పెట్టుకుని స్కూళ్ళ వెంట తిరిగిన మనిషి. ఇన్నేళ్ళ సాధన పోయి, బజార్లో దొరికే మిషనుకి పేరొచ్చింది.

ఫిబ్రవరి ఆఖర్లో రాజాం నుంచి ఫోనొచ్చింది. ఒక ప్రైవేటు స్కూలు హెడ్మాస్టరు నారాయణమూర్తిగారు. సైన్సు దినానికి రమ్మన్నారు. "పిల్లల ముందే పరీక్ష పెడతాం. నెగ్గితే స్కూలు కాగితం మీద ఉత్తరం రాసిస్తాను, ఎవరికైనా చూపించుకో. నెగ్గకపోతే ఇంక ఈ చుట్టుపక్కల నిన్ను పిలిచేవాళ్ళుండరు, ముందే చెప్తున్నాను" అన్నారు.

వాళ్ళు అన్నిటికీ సిద్ధపడి వెళ్ళారు. అలివేలుమంగ కూతురికి పిన్నులు తీసేసి, చెవులు కనిపించేలా జడ ఎత్తి నూలుదారంతో కట్టింది. కూర్మనాథం ఫోను ఇంట్లో వదిలేశాడు. మొలతాడుకున్న తాళంచెవి కూడా విప్పేశాడు.

హాల్లో నాలుగువందల మంది పిల్లలు. స్టేజీ వెనక రాజకుమారి టీచరు హైమవతి చెవుల్లో టార్చి వేసి చూసింది, జడ వేళ్ళతో తడిమింది. పరీక్షలప్పుడు వాడే మెటల్ డిటెక్టరు తలనుంచి పాదాల వరకూ తిప్పింది. అది కుయ్యిమనలేదు. "ఏం భయపడకే" అంది ఆవిడ, తనే కాస్త సిగ్గుపడుతూ.

ఫిజిక్సు చెప్పే దేవేంద్ర మాస్టారు ఒక చిన్న మైకు తెచ్చి కూర్మనాథం చొక్కాకి తగిలించాడు. "మీ మైకు వద్దు, దాన్లో ఏముందో మాకు తెలీదు. ఇది మా ఆన్‌లైన్ క్లాసులకి కొన్నాం. ఫేను రొద, దగ్గు, ఊపిరి, అన్నీ ఇదే తీసేస్తాది. మాట ఒక్కటే బయటికి పంపిస్తాది. లోపల ఏఐ ఉన్నాది."

"అబ్బో! మా మైకు ముట్టుకుంటే కయ్యిమంటాది బాబూ" అని కూర్మనాథం మురిసిపోయాడు. మంచి మైకు దొరికిందన్న సంతోషంలో ఆయనకి ఇంకేమీ తట్టలేదు. హైమవతికీ తట్టలేదు.

గుడ్డ కట్టారు. హైమవతి కూర్చుంది.

"తల్లీ, మాస్టారు నా సేతిలో ఒకటెట్టినారు. సూడు."

స్పీకర్లోంచి నాన్న గొంతు వచ్చింది. ఆ పిల్ల ముక్కు చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఏమీ లేదు.

"బాగా సూడు. తొందర్లేదు."

మళ్ళీ ఏమీ లేదు. చేటలో చెరిగిన బియ్యంలాగ మాటలు శుభ్రంగా వచ్చి పడుతున్నాయి. ఆమెకి కావలసింది ఆ పొట్టే. పోనీ మైకు లేకుండా వినిపిస్తుందేమో అనుకుంటే నెత్తిమీద ఎనిమిది ఫేన్లు గరగరమంటున్నాయి. ఎంతసేపని కూర్చుంటుంది? "పెన్ను" అనేసింది.

"సుద్దముక్క!" అని ముందు వరసలో పిల్లలు అరిచారు. హాలంతా నవ్వు.

"నెట్ పోనాదిరా!"

"రీచార్జి అయిపోనాదేటో!"

"అదీ సంగతి. చెవులు తడిమితే ఇంతే మరి" అన్నాడు దేవేంద్ర మాస్టారు ఎవరితోనో. మైకు దగ్గరగా ఉన్నాడేమో, ఆ మాట కూడా శుభ్రంగా వినిపించింది.

"గుంట బెదిరిపోనాది బాబూ. ఇంకోటి ఎట్టండి" అన్నాడు కూర్మనాథం. గొంతు సన్నబడిపోయింది. ఆ గొంతుకి ముందూ వెనకా ఊపిరి లేదని హైమవతికి అప్పుడు తెలిసింది. మనిషి అంత భయంలో ఊపిరి పీల్చకుండా మాట్లాడతాడా? మైకు తీసేస్తోంది. తన ముక్కు తనకి వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి నాన్నకి ఆ సంగతి తెలియదు.

చెప్పడం ఎలా? మైకు ఆపమంటే కిటుకు చప్పుడులో ఉందని మాస్టారు చటుక్కున పట్టేస్తాడు. ఆపమనకపోతే ఇదే ఆఖరి ఆట. పెట్టె తీసుకుని దొంగల్లాగ బస్సెక్కాలి.

నాన్న ఎప్పుడూ చెప్పే పని ఒకటుంది. జనం ఎక్కడ అనుమానపడుతున్నారో అక్కడికే వాళ్ళని తీసుకెళ్ళి, తనివితీరా వెతుక్కోనిచ్చి, మన పని మనం చేసుకోవాలి. వీళ్ళ అనుమానం దేని మీద?

హైమవతి లేచి నిలబడింది. "మాస్టారూ" అంది. ఆ మాట తనకే వినిపించలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అంది. "మాస్టారూ! మీ అనుమానం కరెంటు మీదే గదా. అయితే ఈ హాల్లో కరెంటే వొద్దు. మెయిను దించీండి."

నవ్వులు ఆగిపోయాయి.

"ఫేన్లా? ఉడికిపోతారు పిల్లలు" అన్నాడు దేవేంద్ర.

"పది నిమిషాలండీ. ఆ మైకు కూడా ఒద్దు. దాన్లో ఏదో ఉన్నాదని మీరే సెప్పినారు. దాన్లోంచి నాకేటొస్తన్నాదో ఎవలికి తెలుసు? రేపు మళ్ళీ వీడియో ఎట్టీస్తారు."

"ఓ..." అని పిల్లలు గోల చేశారు. దేవేంద్ర మాస్టారు ముఖం ఎర్రబడిందని తర్వాత నాన్న చెప్పాడు. హెడ్మాస్టరు మాత్రం "పిల్ల న్యాయంగానే అడుగుతోంది" అని తనే వెళ్ళి మెయిను దించారు. ఫేన్లు ఒక్కొక్కటీ నెమ్మదించి ఆగాయి. "ఎవరైనా కిక్కురుమంటే బయటికే" అన్నారు ఆయన. చెప్పక్కర్లేకపోయింది. ఈసారి దొంగని పట్టాలని పిల్లలే ఊపిరి బిగబట్టారు.

నాన్న చెప్పుల చప్పుడు నడవాలో దూరంగా వెళ్ళింది. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. ముక్కు గట్టిగా ఎగబీల్చాలని నాన్నకి అర్థమైందా?

"సూడు తల్లీ."

అప్పుడు వినిపించింది. పలచటి కాగితం చింపినట్టు చిన్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఎక్కడో బెంచీ కిర్రుమంది. అది నాన్న కాదు. ఐదు, ఆరు... తొమ్మిది. మళ్ళీ చప్పుడు.

"కళ్ళజోడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నమ్మడానికి వాళ్ళకి ఇంకా కాస్త సమయం కావాలి. దేవేంద్ర మాస్టారు తనే ఒక కాగితం మీద నాలుగంకెలు రాసి కూర్మనాథానికి ఇచ్చాడు. హైమవతి ఒక్కొక్కటే చెప్పింది. నాలుగు. సున్నా, వాళ్ళ లెక్కలో అది పది. ఏడు. చివరి అంకె దగ్గర ఒక పిల్లాడు తుమ్మాడు. రెండా, మూడా? ఆ తుమ్ము తీసేసి లోపల మళ్ళీ విని చూసుకుంది. "మూడు" అంది.

"అంతే" అన్నాడు మాస్టారు. గొంతులో కోపం లేదు. హాలు అప్పుడు లేచింది.

మెయిను వేశాక నారాయణమూర్తిగారు ఆఫీసు గదిలో ఉత్తరం రాస్తూ, "మరి ఎలగయ్యా ఇది?" అని అడిగారు.

"మోసమే బాబూ. అబద్ధమాడను. మంత్రాలు నాకు రావు. కాని ఈ మోసం ఫోను సేసింది కాదు, మేం కూకుని నేర్సుకున్నది."

ఆయన నవ్వి, ‘ఏ ఫోనూ, ఏ యంత్రమూ వాడలేదని మేము స్వయంగా పరీక్షించితిమి’ అని రాసి స్కూలు ముద్ర వేశారు. దేవేంద్ర మాస్టారు గుమ్మం దాకా వచ్చాడు. "చప్పుడేదో ఉన్నాది, నాకు తెలుసు. ఎవలికీ సెప్పను లెండి" అని, "కాని ఈ మైకులే అన్ని స్కూళ్ళూ కొంటన్నాయి. సూసుకోండి" అన్నాడు.

ఇంటికి వెళ్ళే సంతకవిటి బస్సులో సీటు దొరికింది. కూర్మనాథం ఉత్తరాన్ని మూడుసార్లు తీసి చూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ మైకులో నా ముక్కు బొత్తిగా రాలేదేటే?"

"రాలేదు నాన్నా. మాటొక్కటే."

ఆయన ఉత్తరాన్ని మళ్ళీ తీసి, చదవకుండానే మడిచేశాడు. ప్రతిసారీ మెయిను దించమంటే ఎవరూ దించరు. ఉత్తరం ఉంటుంది, ఆట ఉండదు.

"మాట రానిస్తాది గదా" అంది హైమవతి. "అయితే మాటకీ మాటకీ మధ్యన ఖాళీ ఉంటాది. నువ్వు ‘తల్లీ’ అన్న కాడ్నించి ‘సూడు’ అనీ వరకూ లెక్కెట్టు. ఖాళీని అదెలగ తీసేస్తాది?"

కూర్మనాథం కూతురి వైపు తిరిగాడు. బస్సు గోతుల్లో ఎగిరి పడుతోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తల్లీ..."

ఆమె కళ్ళు మూసుకుంది.

"...సూడు."

"ఆరు."

"తొమ్మిది" అన్నాడు ఆయన. "మళ్ళీ."