ఒట్టు వేసి కట్టిన దారం

నేను ఒక ఎర్రదారాన్ని, మణికట్టుకు కట్టే రక్షను. ఏ నూలు మిల్లులో పుట్టానో నాకు తెలియదు. పెద్ద ఉండలో ఉన్నన్నాళ్ళూ పూలు గుచ్చే దారానికీ నాకూ తేడా లేదు. రంగులో ముంచి, అమ్మవారి గుడి ముందు కొట్లో వేలాడదీశాకే నాకు విలువ వచ్చింది. మనుషుల సంగతి విచిత్రం. దారానికి శక్తి ఉందని వాళ్ళే అనుకుంటారు, తరవాత ఆ దారానికే భయపడతారు.

నన్ను కొన్నావిడ పేరు సన్యాసమ్మ. జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది. జీడి తగిలి తగిలి ఆమె వేళ్ళు నల్లగా కాలిపోయాయి, కొసలు మొద్దుబారాయి. తన చేతులు ఎలాగూ ఇలా అయ్యాయి, కూతురి చేతులైనా బాగుండాలన్నది ఆమె కోరిక. ఆ కూతురు, ఢిల్లీశ్వరి, ఐటీఐలో టర్నరు కోర్సులో చేరింది. అంటే లేతు మిషను మీద ఇనుప కడ్డీని గిర్రున తిప్పుతూ చెక్కే పని. ఆ క్లాసులో ఆడపిల్ల తనొక్కతే.

ఆనాటి నుంచి సన్యాసమ్మకు కంటి మీద కునుకు లేదు. పిల్ల రావడం కాస్త ఆలస్యమైతే చాలు, చెయ్యి తెగిందేమో, ఆసుపత్రికి మోసుకుపోయారేమో అని వీధి గుమ్మం పట్టుకుని నిలబడేది. దానికి తోడు పక్కింటావిడ ఒక కబురు మోసుకొచ్చింది. ఐటీఐ షెడ్డులో మూలనున్న లేతుకు దయ్యం పట్టిందట, వెనకటికి ఒక కుర్రాడి అరచేతిని మింగేసిందట, అప్పటినుంచి దానికి గోనె కప్పి వదిలేశారట. అంతే, మర్నాడే గుడికి పోయి నన్ను తెచ్చింది. కూతురి కుడి మణికట్టుకు ముడి మీద ముడి వేసి కట్టింది.

"ఇది ఇప్పినా, కోసినా నా మీద ఒట్టే గుంటా. నానింక నీకు కనబడను," అంది.

కట్టినవాళ్ళ భయమే మాకు ప్రాణం. ఆ క్షణం నుంచి సన్యాసమ్మ దడే నా దడ అయింది. పిల్ల సైకిలెక్కితే లారీ వస్తుందేమో అనుకున్నాను, మెట్లు దిగితే కాలు జారుతుందేమో అనుకున్నాను. అన్నిటికీ నేనే అడ్డం నిలబడాలి అనుకున్నాను.

వర్క్‌షాపులో జగన్నాథం సారుది ఒకటే మాట. ఉంగరం, గాజు, చున్నీ, దారం, ఏదీ లేతు దగ్గరికి రాకూడదు. కుర్రాళ్ళు తమ దారాలు విప్పి గుమ్మం పక్క మేకుకు తగిలించారు. ఢిల్లీశ్వరి మాత్రం అమ్మ మీద ఒట్టుందని తల దించుకుంది. సారు తిట్టలేదు. ఆకురాయి చేతికిచ్చి, ఇనుప ముక్కలు అరగదీయమని బల్ల దగ్గరికి పంపాడు. అందరూ లేతు ఎక్కినా ఆమె చేతిలో ఆకురాయే.

"ఏటే ఢిల్లీ, లేతుకి ఇంకెన్ని స్టేషన్లు?" అని ఒకడు ఆటపట్టించాడు.

"నీ కడ్డీ వంకర తీసేసరికి వచ్చేత్తాన్లే," అంది.

అంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరీక్ష దగ్గరపడుతోంది. లేతు పట్టకపోతే ఏడాది పోతుంది. ఒకరోజు పొడుగు చేతుల చొక్కా వేసుకుని, నన్ను లోపలికి తోసి, బొత్తాం బిగించింది. అమ్మ ఒప్పుకుందని, దారం తీసేశానని సారుతో చెప్పింది. సారు నమ్మాడు.

ఆమెకు దొరికింది ఆ గోనె కప్పిన మిషను పక్కదే. గోనె చిరుగులోంచి చూశాను. లోపల పొడవాటి మర చువ్వకు చుట్టుకుని, నూనెలో నల్లబడి, ఒక దారపు పోగు ఉంది. ఊరంతా దయ్యమని పేరు పెట్టింది దానికే.

"నన్నూ ఒక అమ్మే కట్టింది," అంది అది.

ఆ కుర్రాడి అరచేతిని మిషనులోకి లాగింది అదే. ఇన్నాళ్ళూ ఎవరొచ్చి ఈ పిల్ల చెయ్యి పట్టుకుపోతారోనని వణికాను. పట్టుకుపోయేది నేనే.

మిషను తిరిగింది. కడ్డీ అంచు నునుపు చెయ్యడానికి ఢిల్లీశ్వరి ఆకురాయితో ముందుకు వంగింది. బొత్తాం ఊడింది. నా కొస బయటికి జారింది. తిరిగే ఇనుము గాలి నన్ను లాగుతోంది. తెగిపోదామనుకున్నాను. సన్యాసమ్మ వేసిన ముడులు తెగనిస్తాయా? కొస కడ్డీని తాకింది, పోగులు విచ్చుకున్నాయి, మణికట్టు ఒక్క కుదుపుతో ముందుకు లాగినట్టయింది. అప్పటికే ఎర్రరంగు చూసిన సారు మిషను ఆపేశాడు.

చెయ్యి దక్కింది. సారు గోనె మిషను వైపు చూస్తూ, "ఒట్టు నేను తియ్యలేను. వేసినావిడని తీసుకురా," అన్నాడు.

మర్నాడు సన్యాసమ్మ వచ్చింది. పిల్ల నిన్న బతికిపోయింది దారం వల్లే కదా అని వాదించింది. సారు ఎదురు చెప్పలేదు. ఒక వేపపుల్లకు దారం కట్టి, పటకారుతో పట్టుకుని, దారం కొసను తిరిగే కడ్డీకి తాకించాడు. చప్పుడు వినేలోపే పుల్ల ముక్కలైంది. దారం మాత్రం చెక్కుచెదరకుండా కడ్డీకి చుట్టుకుంది.

సన్యాసమ్మ అటూ ఇటూ వెతికింది. షెడ్డులో గట్టెక్కడుంటుంది? గుమ్మం పక్క సిమెంటు అరుగు మీద అరచెయ్యి ఆనించి, "ఒట్టు తీసి గట్టు మీద ఎట్టేసినాను తల్లీ," అంది. మొద్దు వేళ్ళకు ముడి లొంగలేదు. కూతురి చెయ్యి నోటి దగ్గరికి తీసుకుని నన్ను పళ్ళతో కొరికింది.

"మరి దీనికింక కాపలా ఎవలు బాబూ?" అని అడిగింది సారుని.

"నానేనే అమ్మా," అంది ఢిల్లీశ్వరి.

తొక్కేచోట పడేయకూడదని నన్నూ ఆ మేకుకే తగిలించింది. ఇక్కడ నల్లవి, పసుపువి, కాషాయంవి ఎన్నో ఉన్నాం. మాకు ఇప్పుడు పని లేదు. భయం మాత్రం పోలేదు. లేతు తిరిగినంతసేపూ ఒక్కళ్ళం కూడా కదలం. చప్పుడు ఆగగానే, గుమ్మంలో పనికి పోకుండా నిలబడ్డ సన్యాసమ్మ తల ఎత్తుతుంది. లోపలి నుంచి ఢిల్లీశ్వరి చెయ్యి పైకెత్తి చూపిస్తుంది. దాని మణికట్టు మీద ఎండ తగలని తెల్లటి గీత ఒక్కటే ఉంటుంది.