హుద్‌హుద్ జట్టు ఎనిమిదో ఆట

ముందుగా ఒక మాట. ఇందులో అక్షర దోషాలు ఉంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది యాభై ఏడో ఏట. ఇప్పటికీ ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఆగి ఆలోచించుకోవాలి. ఈ నాలుగు పేజీలకు నాకు పదకొండు రోజులు పట్టింది.

రాస్తున్నది ఒక ఆటల జట్టు గురించి. దాని పేరు హుద్‌హుద్. ఒకే ఒక్క చలికాలం బతికింది. 2022 నవంబరులో పుట్టి, 2023 జనవరి ఆఖరుకల్లా లేకుండా పోయింది.

అప్పట్లో నేను దుబాయ్‌లో, జెబెల్ అలీ పోర్టు దగ్గర ఒక లాండ్రీలో పనిచేసేదాన్ని. చుట్టుపక్కల క్యాంపుల్లో ఉండే కార్మికుల బట్టలు మాకు వచ్చేవి. ఒకరోజు నీలం కవరాల్స్ మూటల మధ్య పన్నెండు తెల్ల చొక్కాలు కనిపించాయి. గుండె దగ్గర ఒక పిట్ట బొమ్మ, దాని తల మీద కిరీటంలాంటి తురాయి. తెచ్చినవాడు భూమేశ్. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది, ఇక్కడ గోదాములో సరుకు ఎత్తే పని.

"ఈ పిట్టేటయ్యా?" అన్నాను.

"హుద్‌హుద్ అక్కా. మా టీమ్ పేరు."

"అయ్యబాబోయ్, అది తుఫాను పేరు కదా! వైజాగ్‌ని ఊడ్చేసింది."

"మేం గుడ ఊడుస్తం, సూస్తుండు!"

ఊడ్చడం సంగతి తర్వాత. అది బేస్‌బాల్ అనే ఆట. వాళ్ళ గోదాము స్టోర్ కీపర్ మనీలా మనిషి, చిన్నప్పటి నుంచి ఆ ఆట ఆడినవాడు. తెలిసినవాళ్ళంతా కలిసి ఒక చిన్న లీగ్ పెట్టుకున్నారు. ఒక జపాన్ కంపెనీ గుమాస్తాలది ఒక జట్టు, బడి మాస్టర్లది ఒకటి, మనీలా వాళ్ళది ఒకటి. నాలుగోది కావాలి. చొక్కా వీపు మీద కంపెనీ పేరు వేస్తే అభ్యంతరం లేదన్నాడు ముదీర్, అంటే గోదాము మేనేజరు. ఎలాగూ క్రికెట్ వచ్చినవాళ్ళే, వారంలో నేర్చేసుకుంటారని స్టోర్ కీపర్ మనవాళ్ళని పోగేశాడు. ఆ రోజు నుంచి ఆయన్ని అందరూ కోచ్ అనేవారు.

ఆటలన్నీ ఆదివారాలే. నాకూ ఆ రోజే సెలవు. వెళ్ళడానికి వేరే చోటు లేక వాళ్ళతో పాటు కంపెనీ బస్సు ఎక్కేదాన్ని. గోదాముల వెనక ఇసుక మైదానం, అందులో మూడు తెల్ల దిండ్లు. భూమేశ్ వాటిని మెత్తలు అనేవాడు. నాలుగో మూలన దిండు ఉండదు, నేలలో పాతిన తెల్ల రబ్బరు పలక ఉంటుంది. ఆటగాడు పలక దగ్గర నిలబడి బంతిని కొట్టి, మూడు దిండ్లూ తొక్కి, చుట్టూ తిరిగి మళ్ళీ ఆ పలక మీదికే రావాలి. అలా వస్తే ఒక పరుగు. నాకు చదువు లేకపోయినా ఆట మాత్రం రెండో వారానికే బోధపడింది. పలక వెనక వల దగ్గర కూర్చుని, కోచ్ చెప్పేదంతా వినేదాన్ని. ఆడేవాళ్ళకి వినే తీరిక ఎక్కడిది!

మొదటి ఆట ఇరవై రెండుకి సున్నా. భూమేశ్ ఊళ్ళో మొక్కజొన్న చేల మీద వాలే పిట్టల్ని వడిసెలతో తోలినవాడు. అతను విసిరితే బంతి రాయిలా వెళ్ళేది, ఎటు వెళ్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. జపాన్ అబ్బాయిలు వంగి దండం పెట్టి మరీ పక్కకు తప్పుకునేవారు. రెండో ఆట పద్దెనిమిదికి సున్నా. మూడోదీ అంతే. ఏడు ఆటలు అయ్యేసరికి మనవాళ్ళు ఒక్క పరుగు కూడా చెయ్యలేదు. ఒక్కటి కూడా.

జట్టులో పెద్దవాడు పర్శరాములు. నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా గల్ఫ్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. ఆట అవ్వగానే ఊళ్ళో ఉన్న అతని భార్య ఐలవ్వ ఫోన్ చేసేది. అతను స్పీకర్ పెట్టేవాడు, బస్సంతా వినేది.

"ఏమయ్యో, గెలిచిన్రా?"

"లే."

"ఒక్కటన్న గొట్టిన్రా?"

"లే. వచ్చే వారం గొడ్తం."

"ఇరవై రెండేండ్ల సంది వచ్చే వారం, వచ్చే నెల అనుడే నీది! అసలు నువ్వు ఆడుతున్నవా? గాడ కుర్చీలు ఎయ్యమన్నరు గావచ్చు నిన్ను!"

బస్సంతా పగలబడి నవ్వేది. పర్శరాములూ నవ్వేవాడు. ఏడో ఆట తర్వాత మాత్రం నా పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, మార్చిల ఖలాస్ నాది. ఇంటికి పోతున్న."

"మంచిదే కదా తమ్ముడూ."

"మంచిదే. గానీ ఇన్నేండ్లల్ల అది నన్ను ఈడ సూసింది ఏంది? మంచం మీద గూసొని ఫోన్ల మాట్లాడుడు. ఒక్కటంటే ఒక్కటి గొట్టంగ సూస్తె సాలు. గంతే."

మా ఆయన గుర్తుకొచ్చాడు. పెళ్ళయిన కొత్తలో గోదావరి పాయలో పడవ పందేలకు వెళ్ళేవాడు. ముందు తెడ్డు ఆయనదే. ఊరంతా గట్టు మీదే ఉండేది, నేను మాత్రం పొయ్యి దగ్గర. రేపు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం అనుకుంటూ ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన పోయాక జనం చెబితే విన్నాను, ఆ తెడ్డు నీళ్ళలోకి ఎంత మెత్తగా దిగేదో.

"ఈసారి ఫోను నాకియ్యి. నేను చూపిత్తాను ఐలవ్వకి," అన్నాను.

ఆ వారంలోనే తెలిసింది, లీగ్‌కి ఖర్చులు పెట్టే ఆయన తప్పుకున్నాడని. ఎనిమిదో ఆటే ఆఖరు.

ఆ ఆదివారం పొద్దున్న సముద్రం మీద నుంచి పొగమంచు వచ్చింది. మేము బస్సు దిగేసరికి పోర్టు క్రేన్ల తలలు మాత్రమే తేలుతున్నాయి, కాసేపటికి అవీ మునిగిపోయాయి. తర్వాత గోదాములు పోయాయి. దూరపు దిండు పోయింది. ఆటగాళ్ళు నడుము దాకా ఉండి, అటు తిరిగేలోగా లేకుండా పోతున్నారు. నీళ్ళలో ఎవరో కల కంటున్నట్టు ఉంది. ఆపేద్దామా అన్నాడు అంపైరు. రెండు జట్లూ వద్దన్నాయి. మళ్ళీ ఎప్పుడు ఆడతారు కనుక!

పర్శరాములు ఐలవ్వకి వీడియో కాల్ కలిపి, ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పటికి జపాన్ వాళ్ళవి పదిహేడు, మనవి సున్నా.

"వదినె, ఏం గనవడ్తలేదు," అంది ఐలవ్వ ఫోన్‌లోంచి. "ఫోను పాలగిన్నెల వెట్టినవా ఏంది?"

"మంచు ఐలవ్వా. ఉండు, మీ ఆయన వచ్చాడు. అదిగో, కర్ర పట్టుకున్నవాడు."

"గా తెల్లంగి ఆయననేనా? జర బక్కగైండు."

అప్పుడు బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు వినిపించింది. అలాంటి చప్పుడు మన జట్టు నుంచి అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. బంతి పైకి లేచి, మంచులో కరిగిపోయింది. జపాన్ అబ్బాయిలు అటొకడు ఇటొకడు పరుగెత్తుతూ పిలుచుకుంటున్నారు, బంతి ఎవరికీ దొరకడం లేదు. పర్శరాములు చేతిలో బ్యాటుతోనే పరుగెత్తాడు. మొదటి దిండు దాకా కనిపించాడు. ఆ తర్వాత లేడు.

"ఉరుకు కాకా, ఉరుకు! మెత్త తొక్కు!" భూమేశ్ గొంతు మాత్రం వినిపిస్తోంది.

తెల్లటి దానిలోంచి బూట్ల చప్పుడు. రొప్పు. ఎక్కడో చుట్టూ తిరుగుతున్నాడు. క్రేన్లు లేవు, గోదాములు లేవు, దుబాయే లేదు. మనిషి పరుగు ఒక్కటే ఉంది. అందరం ఆ చప్పుడు ఎటు తిరిగితే అటు తల తిప్పుతున్నాం. ఎంతసేపో చెప్పలేను. నాకైతే ఒక పూట గడిచినట్టు ఉంది.

మూడో దిండు వైపు నుంచి ముందు బ్యాటు వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు.

"ఇదిగో ఐలవ్వా, చూడు, వత్తన్నాడు!"

పలక ఇంకో మూర దూరం ఉండగానే పర్శరాములు వంగాడు. బ్యాటు చివర పలక మీద ఆనించి, అక్కడే ఆగిపోయాడు. క్రికెట్‌లో గీత లోపల బ్యాటు పెడితే చాలు, మనిషి వచ్చినట్టే లెక్క. ఈ ఆటలో బ్యాటుకు విలువ లేదు, ఒళ్ళు తగలాలి. కోచ్ నూరుసార్లు చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు క్రికెట్ ఆడిన చేతులకు ఆ మాట ఎక్కలేదు. పరుగు అయిపోయిందనుకుని అతను ఫోన్ వైపు తిరిగి నవ్వుతున్నాడు. ఆ క్షణానే మంచులోంచి బంతి ఊడిపడింది. పలక దగ్గరున్న జపాన్ అబ్బాయి అందుకున్నాడు. రెండడుగులు వేసి ముట్టుకుంటే ఖలాస్.

నాకున్నవి రెండు చేతులు. రెండూ ఎప్పుడు నోటి దగ్గరికి వెళ్ళాయో నాకు తెలియదు.

"కాలు! తమ్ముడూ, కాలెట్టు! బ్యాటు కాదు, కాలు!"

అతను నన్ను చూశాడు, పలకను చూశాడు. కాలు పెట్టలేదు, మొత్తం మనిషే దాని మీద పడ్డాడు. అబ్బాయి చెయ్యి అతని వీపు మీద పడేసరికి పలక అతని పొట్ట కింద ఉంది. అంపైరు రెండు చేతులూ బార్లా చాపాడు. పరుగు!

పదిహేడుకి ఒకటి. ఓడిపోయినవాళ్ళు గెలిచినవాళ్ళకంటే ఎక్కువ గెంతారు. భూమేశ్ కోచ్‌ని ఎత్తుకుని తిప్పాడు.

ఫోన్ కోసం వెతికితే ఇసుకలో వెల్లకిలా పడి ఉంది.

"ఏమైంది వదినె? తెల్లగనే ఉంది, మల్ల నీ ముక్కు గనవడ్డది."

"చేశాడు ఐలవ్వా! మీ ఆయన ఒకటి చేశాడు!"

"నువ్వు గుడ ఆయనతోటి గలిసినవా అబద్ధాలకు?" అని నవ్వింది.

తర్వాతి వారం ఎవరో వచ్చి దిండ్లు తీసుకుపోయారు. నెల తిరిగేలోగా ఆ మైదానంలో కంటైనర్లు పేర్చారు. పరుగుల పుస్తకం కోచ్ దగ్గర ఉండేది, ఆయన దానితోనే తన దేశం వెళ్ళిపోయాడు. పర్శరాములు మార్చిలో ఇంటికి వెళ్ళాడు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, నువ్వు రాసుడు నేర్చుకున్నవట గద. గా ముచ్చట రాసి పంపు. ఇంట్ల ఒక్కలు నమ్ముతలేరు," అన్నాడు. వెనక నుంచి ఐలవ్వ నవ్వు వినిపించింది.

ఐలవ్వా, ఇది ఎవరిచేతనైనా చదివించుకో. మీ ఆయన ఆ పరుగు చేశాడు. నీకు కనిపించకపోవడం నా తప్పే. ఫోన్ పట్టుకుంటే పరుగు పోయేది, అరిస్తే నువ్వు చూడడం పోయింది. నేను అరిచాను. వల వెనక నుంచి నేను చూసింది చూసినట్టు రాశాను. మంచులోంచి వచ్చినప్పుడు అతని ముఖం చిన్న పిల్లవాడి ముఖంలా ఉంది. నవ్వింది నీ వైపే.

సరెళ్ళ అచ్చాయమ్మ, యాభై తొమ్మిదేళ్ళు. ప్రస్తుతం అబుదాబి వైపు రువైస్‌లో, స్నిగ్ధ గారింట్లో పని.