ఎత్తు ఎక్కని కారు

చెవుల మేస్త్రి అన్న పేరు ఆయనకి ఎవరు పెట్టారో గానీ, పెట్టినప్పుడు అందులో వెటకారమేమీ లేదు. కారు వచ్చి షెడ్డు ముందు ఆగీ ఆగకముందే, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే, "రెండో సిలిండర్ పడుకుంది, ప్లగ్గు మార్చుకో" అనేవాడు. బానెట్ ఎత్తి చూస్తే అదే అయ్యేది. అలాంటి మనిషికి అరవై దాటాక చెవులు మొరాయించాయి. ముందు గడియారం చప్పుడు పోయింది. తర్వాత వాన చప్పుడు పోయింది. ఆ తర్వాత ఇంట్లో మాటలు పోయాయి. డాక్టరిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే గిన్నెలు తలలో పగిలినట్టుండేది, మనిషి గొంతు మాత్రం నీళ్ళలోంచి వచ్చినట్టుండేది. దాన్ని తీసి సొరుగులో పడేశాడు. షెడ్డు తమ్ముడి కొడుక్కి అప్పజెప్పి ఇంటిపట్టున ఉండిపోయాడు.

చేతికింద మిగిలింది ఆ చిన్న కారొక్కటే. వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలే పాతకాలపు కారు. పెళ్ళైన కొత్తల్లో ఎవరో వదిలించుకోబోతుంటే తెచ్చుకున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా మొగుడూ పెళ్ళాం అందులో కొండ దాటి, అవతల ఉన్న ఆవిడ అక్కగారింటికి వెళ్ళొచ్చేవాళ్ళు.

ఈమధ్య ఆ కారు నీరసపడింది. మూడో గేరులో అవలీలగా ఎక్కే ఎత్తుకి రెండో గేరు కావాల్సి వచ్చేది. పోయిన ఆదివారం రెండో గేరులో కూడా ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వెళ్ళి సగం కొండ మీద చతికిలబడింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదట. మేస్త్రికి ఆ సంగతి తెలీదు. భార్య భుజం మీద కొట్టి చెబితే తెలిసింది. కారు పక్కకి తీసి, వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చేశారు.

మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు విప్పి చూశాడు. బిస్కెట్ రంగులో శుభ్రంగా ఉన్నాయి. గాలి ఫిల్టరు దులిపాడు. పెట్రోలు ఫిల్టరు కొత్తది వేశాడు. జాకీ ఎక్కించి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పాడు, ఎక్కడా బ్రేకు పట్టెయ్యలేదు. భార్యని పిలిచి ఎక్సిలేటరు మీద కాలు పెట్టించాడు.

"పూర్తిగా తొక్కు. నేల తగలాలి."

"తొక్కుతూనే ఉన్నాను కదండీ. ఇంకా తొక్కితే అవతల రోడ్డు మీద తేలతాను."

ఆ రెండో మాట ఆయనకి అందలేదు. పెదాలు కదలడం కనిపించింది, నవ్వూ కనిపించింది. "ఏమిటీ?" అన్నాడు.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం లేదు, తొక్కాను" అని అరిచింది.

ఇదే ఆయనకి గొంతులో ముల్లయి కూర్చుంది. చెవి పోయిన మనిషితో అరిచి చెప్పగలిగేవి పనికొచ్చే మాటలే. అన్నం పెట్టానండీ, గ్యాస్ అయిపోయింది, ఎవరో వచ్చారు. పనికిరాని మాటల్ని ఎవరూ అరవరు. ఆవిడేమో పనికిరాని మాటల్లో దిట్ట. ఒకప్పుడు కారెక్కిందంటే దారిలో కనబడ్డ ప్రతి మేడకీ, ప్రతి మనిషికీ ఏదో ఒకటి తగిలించేది. ఇంజను ఒక చెవిలో, ఆవిడ ఒక చెవిలో. "కాస్త ఊపిరి పీల్చుకోవే" అని విసుక్కునేవాడు కూడా. ఇప్పుడు ఆ విసుగు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం తమ్ముడి కొడుకు దగ్గర్నుంచి గేజి తెప్పించి సిలిండర్లలో ఒత్తిడి చూశాడు. నాలుగూ సమానంగా, బ్రహ్మాండంగా ఉన్నాయి. అన్నం తిన్నాననిపించి మళ్ళీ కారు దగ్గరికెళ్ళి, చూసినవే మళ్ళీ చూడ్డం మొదలుపెట్టాడు.

ఆవిడ కుర్చీ తెచ్చి ఆయనకి ఎదురుగా వేసుకుంది, పెదాలు కనబడేలా. "ఆమధ్య పాయింట్లు మార్చారు కదా, ఆ డబ్బాలో. పొద్దుట్నుంచీ అన్నీ విప్పారు. దాని జోలికి మాత్రం వెళ్ళడం లేదేం?"

స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే డిస్ట్రిబ్యూటర్‌ని ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా డబ్బా అనే అంటుంది.

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మురికి పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"దాన్ని చెవితోనే పెట్టాలి," అన్నాడు చివరికి. "ఈ బండికి గుర్తులెప్పుడో అరిగిపోయాయి. స్పార్క్ మరీ ముందు పడితే ఎత్తులో లోపల గోళీలు దొర్లినట్టు గలగలమంటుంది. అలాగే నడిపామంటే పిస్టన్లు పోతాయి. ఆ చప్పుడు నాకు వినపడదు. ఎందుకైనా మంచిదని కొంచెం ఆలస్యంగా పెట్టాను. మర్నాడు మళ్ళీ భయమేసింది. ఇంకొంచెం వెనక్కి తిప్పాను."

"అంటే నీరసం కారుది కాదన్నమాట."

"నాదే."

ఆవిడ లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "గోళీల చప్పుడు నాకు తెలీదా ఏమిటి? పదండి. కొండెక్కితే అట్నుంచటే అక్కావాళ్ళింటికి కూడా వెళ్ళొద్దాం" అంది.

ఇద్దరూ కారు తీసుకుని కొండ మొదట్లోకి వెళ్ళారు. మేస్త్రి బానెట్ ఎత్తి, బోల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ని వేలెడంత కూడా కాదు, వెంట్రుకవాసి తిప్పాడు. ఇంజను వేగం పుంజుకోవడం అరచేతికి తెలిసింది. ఒకప్పుడు ఇక్కడే చెవికి పాటలా వినిపించేది, గొంతు సవరించుకుని పైస్థాయి అందుకున్నట్టు. ఇప్పుడు చేతికింద వణుకు మాత్రమే. కళ్ళు మూసుకుని ఆ పాటని గుర్తు తెచ్చుకోబోయాడు. సగం వచ్చింది, సగం రాలేదు.

బోల్టు బిగించి ఎక్కాడు. మూడో గేరు. కారు ఉరికింది. మేస్త్రి మొహం విప్పారేలోపే ఆవిడ ఆయన మోకాలి మీద చరిచింది.

"గోళీలు," అంది. "డబ్బాలో పోసి కుదిపినట్టు."

దిగాడు. కొంచెం వెనక్కి తిప్పాడు. మళ్ళీ కింద నుంచి ఎక్కారు.

"ఇప్పుడు?"

ఆవిడ తల ఒక పక్కకి వంచి విన్నది. ఆ వినడాన్ని మేస్త్రి రోడ్డు మీద ఒక కన్ను పెట్టి చూశాడు. ఒకప్పుడు తనూ అలాగే తల వంచేవాడు కాబోలు, తనకెప్పుడూ కనిపించలేదు.

"గోళీలు తగ్గాయి. గాజులున్నాయి. సన్నగా."

ఇంకొక్కసారి దిగాడు. ఈసారి తిప్పాడో లేదో అన్నట్టు తిప్పాడు. మూడో గేరులోనే మొదటి మలుపు, రెండో మలుపు, నిన్న చతికిలబడ్డ చోటు, అన్నీ దాటింది. ఆవిడ చెయ్యి ఎత్తి, అడ్డంగా ఊపింది. ఏ చప్పుడూ లేదని. ఇంజను ఎలా ఉందని అడిగాడు. ఆవిడ ఆలోచించి, "కడుపునిండా తిన్నవాడిలా ఉంది" అని అరిచింది. మేస్త్రికి ఆ మాట చాలలేదు. ఏ మాటా చాలదని కూడా తెలుసు. గేరు రాడ్డు మీద చెయ్యి వదలకుండా, అందులోంచి వచ్చినంత తీసుకుంటూ నడిపాడు.

కొండ మీదికి వచ్చేసరికి ఆవిడ బయటికి చూస్తూ ఏదో అంటోంది. అరవడం లేదు. పాత అలవాటు మీద తనలో తనే.

"ఏమంటున్నావ్?"

"ఏం లేదండీ."

మేస్త్రి కారు పక్కకి తీసి ఆపాడు. ఇంజను కూడా ఆపాడు. ఆవిడ కంగారుగా బానెట్ వైపు చూసింది.

"కారు బాగానే ఉంది," అన్నాడు. "ఆ ఏం లేనిది ఏమిటో నాకు చెప్పు. మెల్లగానే చెప్పు, ఇటు తిరిగి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాపి రోడ్డు పక్కన ఆకులు తింటున్న మేకని చూపించి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"దాని గడ్డం అచ్చం మా బావగారి గడ్డంలా ఉంది అంటున్నాను."

మేస్త్రి మేకని చూశాడు. కాస్త ఆలస్యంగానే అయినా, నవ్వాడు. ఇంకేమన్నావని అడిగాడు. అక్కగారింటికి చేరేసరికి చీకటి పడిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఆవిడ సీట్లో పూర్తిగా ఇటు తిరిగి కూర్చుని, కింద నుంచి దారిలో ఏమేం అనుకుంటూ వచ్చిందో మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. సగం మాటలే అందాయి. మిగతా సగం కోసం ఆవిడ పెదాల మీదే చూపు నిలిపి, కదలకుండా కూర్చున్నాడు.