తిట్టని టీచరు

ఐలా ఫోన్ చేసేసరికి నేను పిండి వత్తి, మాంసమూ బంగాళాదుంపా కూరి పేస్టీలు మడుస్తున్నాను. ఐలా నా మనవరాలు, పద్నాలుగేళ్ళది. వేసవి సెలవుల్లో బ్యాలే శిక్షణకని మా ఊరు హాన్‌కాక్ నుంచి మిల్వాకీ నగరం వెళ్ళి, అక్కడ హాస్టల్లో ఉంటోంది.

"మమ్మూ, వచ్చి నన్ను తీసుకెళ్ళిపో," అంది.

"కాలికేమైనా అయిందా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనట్లేదు. అందుకే రమ్మంటున్నా. మా టీచరు థర్లో మేడమ్ అందర్నీ తిడుతుంది. నన్ను మాత్రం తిట్టదు. అసలు నా వైపే చూడదు."

"తిట్టకపోతే మంచిదేగా తల్లీ. పక్కవాళ్ళ గొడవ నీకెందుకు, నీ పని నువ్వు చూసుకో."

"నీకు అర్థం కాదులే మమ్మూ."

అర్థం కావాలనే లైబ్రరీ నుంచి బ్యాలే పుస్తకం తెచ్చుకుని, నోరు తిరగని పేర్లన్నీ కూడబలుక్కుంటూ చదివాను. తిట్లు పడకపోతే పిల్ల ఏడుస్తుందని అందులో ఎక్కడా రాయలేదు.

నిజం చెప్పాలంటే రమ్మన్నందుకు నా ప్రాణం లేచొచ్చింది. మా ఆయన సరస్సు మీద సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఒక నవంబరులో రేవు నుంచి చెయ్యి ఊపి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఎవరు ప్రయాణమైనా నేను గుమ్మం దాకా రాను. ఐలా బయల్దేరిన పొద్దున కూడా వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండిపోయాను.

శుక్రవారం పెద్దవాళ్ళు వచ్చి క్లాసు చూడవచ్చు. ఆ రోజుకి కారు వేసుకుని వెళ్ళాను. ఐలా పెట్టె సర్దేసుకుని మెట్ల దగ్గర కూర్చుంది. మొహం ముడుచుకుపోయి ఉంది.

"ఈ ఒక్క క్లాసూ చేసి వచ్చేస్తా. మధ్యలో వెళ్ళిపోతే బాగుండదు," అంది.

పెట్టె నేనే ఈడ్చుకెళ్ళి డిక్కీలో పడేశాను. దాని బరువుకి నడుం పట్టేసింది.

క్లాసుకి గాజు కిటికీ ఉంది. పక్కన ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. డెస్మండ్ అని పేరు చెప్పాడు.

"ఆ ఎర్రజుట్టు పిల్ల మాది. వారమంతా తిట్లే," అన్నాడు, బహుమతి వచ్చినట్టు. "మీ అమ్మాయి ఎవరండీ?"

"ఆ చివర, గోడ దగ్గర."

"ఓ," అని ఊరుకున్నాడు. ఆ 'ఓ'కి నాకు ఒళ్ళు మండింది.

"మా పిల్లలో వంక పెట్టడానికి ఏమీ లేదేమో," అన్నాను.

ఆయన నవ్వలేదు. "బాగుపడతారనుకున్నవాళ్ళనే తిడతారండీ ఇక్కడ. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒకరికి చెప్పింది అందరూ దిద్దుకోవాలి. మా దానికి అది తెలిసేసరికి పోయినేడాది సెలవులన్నీ అయిపోయాయి."

పక్కవాళ్ళ గొడవ నీకెందుకని నేను ఫోన్లో ఇచ్చిన సలహా గుర్తొచ్చింది.

థర్లో మేడమ్ పొట్టి మనిషి, చేతిలో టీ ఫ్లాస్కు. గోడకున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డ పిల్లల వెంట నడుస్తోంది. ఐలా ఇన్నాళ్ళూ ఆవిడ మొహమే చూస్తూ చేసిందట. ఎలాగూ వెళ్ళిపోతున్నాననో ఏమో, ఆ రోజు ఆవిడ వైపు చూడటం మానేసింది.

"మడమ ముందుకి. కాలు నీదేనా, అద్దెకి తెచ్చుకున్నావా?" అంది మేడమ్, ఎర్రజుట్టు పిల్లతో.

గది అవతలి చివర ఐలా మడమ కదిలింది. కొంచెమే.

మేడమ్ ఆగింది. ఫ్లాస్కు పియానో మీద పెట్టి, గది దాటి వచ్చింది.

"నీ పేరేంటి?"

"ఐలా."

"ఐలా, మడమ సరే. ఆ భుజాలు చెవుల దాకా ఎక్కాయేం? ఎవరు కొడతారనీ? దించు. ఊహూ. మళ్ళీ. ఇది దించడమా? మళ్ళీ."

ఇక క్లాసయ్యేదాకా వదల్లేదు. అందరి ముందూ ఉతికి ఆరేసింది. నేను తలుపు తోసుకుని వెళ్ళబోతే డెస్మండ్ అడ్డుగా నిలబడ్డాడు.

ఐలా చెమటలు కక్కుతూ బయటికొచ్చింది. "మమ్మూ, పెట్టె దింపాలి."

"అంతలేసి మాటలంది కదే నిన్ను."

"విన్నావుగా," అంది. దాని మొహం వెలిగిపోతోంది.

"మరి నేనింత దూరం వచ్చింది దేనికి?"

"పేస్టీలు తెచ్చావుగా. తర్వాతి క్లాసుకి టైమైంది. పెట్టె నా గదిలో పెట్టెయ్యవా? మూడో అంతస్తు." పొట్లం లాక్కుని పరిగెత్తింది. చెయ్యి కూడా ఊపలేదు.

లిఫ్టు పనిచేయడం లేదు. ఒక్కో మెట్టుకీ ఆగుతూ, పైకి వినపడేలా గొణుక్కుంటూ ఎక్కించాను.

కారులో కూర్చుని అద్దం సరిచేసుకుంటే నా భుజాలు కనపడ్డాయి, చెవుల దాకా ఎక్కి. దించాను. పక్క సీటు ఖాళీగా ఉంది. ఊరు దాటేసరికి మళ్ళీ ఎక్కాయి.