ఏడో ప్లాటులో ఆకులు

ముప్పై ఏళ్ల కిందట ఆ అడవిలో పది ప్లాట్లు నరికారు. కొన్నిట్లో కొమ్మలూ ఆకులూ నేల మీదే వదిలేశారు. ఏడో ప్లాటులో మాత్రం వేర్లు కోసి మొద్దులు కూడా పెకలించి, ఆకుచెత్తంతా గీకేసి, వేరే జాతి మొక్కలు నాటారు. అప్పట్నుంచి అక్కడ రాలినవి రాలినట్టే ఊడ్చేస్తున్నారు. ఏ నేల ఎన్నాళ్లు సారం నిలుపుకుంటుందో చూడాలన్నది పరిశోధన.

ఆ పని ఇప్పుడు మట్టి పరీక్షలు చేసే ఒకావిడ చేతికొచ్చింది. ఊడవడానికి తోడొచ్చేది ఆవిడ బాబాయి. ఆనాడు చెట్లు కోసినవాళ్లలో ఆయనొకడు. ఇంట్లో అందరికీ రంపం బాబాయి.

ఆ ఏడు ఫలితాలు చూసి ఆవిడ నివ్వెరపోయింది. అన్నిటికన్నా నిస్సారంగా ఉండాల్సిన ఏడో ప్లాటు మట్టే అన్నిటికన్నా బలంగా ఉంది. సంచులు తారుమారయ్యాయేమోనని మళ్లీ తవ్వి తెచ్చింది. అదే ఫలితం. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు, ఆ ప్లాటును నివేదికలోంచి తీసెయ్యమన్నాడు పై అధికారి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ప్లాటంతా అద్దంలా ఊడ్చారు. పక్కనే కూర్చుని అన్నం తిని లేచేసరికి నేల మీద బెత్తెడు మందాన ఆకులు. గాలి లేదు. పైనున్న చెట్లవి సూదుల్లాంటి ఆకులు. కిందవి వెడల్పాటివి, పచ్చివి.

బాబాయి ఒక ఆకు నలిపి వాసన చూశాడు.

"ఇది నేను కోసిన చెట్టు ఆకమ్మా. ఆ జాతి ఇక్కడ ఒక్కటి కూడా మిగల్లేదు."

ఎవరో తెచ్చి పోసుంటారంది ఆవిడ. తడి నేల మీద తమవి తప్ప వేరే అడుగులు లేవు.

తవ్వి చూశారు. మోకాలి లోతున ఒక వేరు తగిలింది. పాత రంపపు కోత మీంచి నీరు ఊరుతోంది. బాబాయి దాని మీద చెయ్యి పెట్టి, నాడిలా కొట్టుకుంటోందన్నాడు. ఆవిడా పెట్టింది. వెంటనే చెయ్యి లాగేసుకుంది.

ఆయన గుంటని పారతో కాక, చేతులతోనే మెల్లగా పూడ్చాడు.

"ఇంక నేను ఊడవనమ్మా. నీ ఉద్యోగానికి ఇబ్బందైతే ఇంకెవర్నన్నా పెట్టుకో."

ఆవిడ ఎవర్నీ పెట్టుకోలేదు. ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు రాసి, కారణం తెలియదని సంతకం చేసింది. అధికారి మండిపడి ఆవిణ్ణి వేరే అడవికి మార్చాడు.

ఆవిడ స్థానంలో వచ్చినాయన మొన్న ఏడో ప్లాటులోంచే ఫోన్ చేశాడు. ఆకుల ఊసెత్తలేదు. ప్లాటు మధ్య నిలబడితే కాళ్ల కింద నేల కాస్త దిగి, మళ్లీ పైకి లేస్తోందనీ, మీ రోజుల్లోనూ ఇంతేనా అనీ అడిగాడు.

ఆవిడ గబుక్కున లేచి నిలబడింది.

"మీరు ముందు బయటికి రండి," అంది.

రాలేకపోతున్నానన్నాడు.